మంచుగుండాటకు మెట్టినిల్లు

ఆటకు పుట్టినిల్లు ఒక్కటియే యుండును గాని మెట్టినిండ్లు ఎన్నియైన నుండవచ్చును. పెండ్లియై వచ్చిన కోడలు మొదటి యేడు క్రొత్తదిగ తోచును. పదియేండ్లు గడచునప్పటికి ఆమె చేతి పచ్చడియే ఆ యింటి పచ్చడి యగును. ఆటల సంగతియు నంతియే. క్రికెట్టు ఇంగ్లండున పుట్టినదని కర్నూలు సందులలో కొయ్యపలకతో బంతిని గొట్టు బాలునకు జెప్పినచో వాడు నవ్వును. అది వాని యాట. వాని తండ్రియు తాతయు నాడిన యాట.

బాడ్మింటను కథ యింకను చిత్రమైనది. దాని తొలి నియమములు 1870 ప్రాంతమున మన పూనా నగరపు దండు విడుదులలోనే యేర్పడినవి. ఆరుబయట ఈకలబంతి గాలికి నిలువదు. కావున తంజావూరు సీమలో ఉన్నిబంతితో నాడు వేరొక యాట పుట్టి, తెలుగు జిల్లాలకు వ్యాపించి, బాల్ బాడ్మింటను అను పేర మన పాఠశాలల ముంగిళ్లలో స్థిరపడినది. తరువాత ఈకలబంతి యాటయు మనవారికి వశమైనది. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండు పోటీని గెలిచెను. 2008లో ఆయన శిక్షణాలయము హైదరాబాదున వెలసెను. అచ్చట నేర్చిన పి. వి. సింధు 2016లో రియో ఒలింపిక్సున రజత పతకమును, 2019లో ప్రపంచ విజేత యను గౌరవమును పొందెను. ఆటను మన గాలికి తగినట్లు మార్చుకొనుట యొక మార్గము. ఆటకు తగినట్లు గాలి చొరని మందిరమును గట్టుకొనుట రెండవ మార్గము. ఈ రెండు మార్గములును తెలుగువారికి తెలిసినవే.

ఇవి నాకు జ్ఞప్తికి వచ్చుటకు మా మనుమరాలు కారణము. ఆమెకు పండ్రెండేండ్లు. టెలివిజనులో మంచుమీద నాడు ఆట యొకటి చూచుచు నామె, “జేజీ, ఆ యక్కోళ్లు మంచుమీద పరకలు పట్టుకోని కసువెందుకు ఊడుస్తాండారు?” అని యడిగెను. నాకు తెలియలేదు. తెలిసికొనవలెనని యా వేళ ఆటనంతయు చూచితిని. పిదప పుస్తకములు చూచితిని. కెనడాలో మానిటోబా రాష్ట్రమున నున్న మా చెల్లెలి కోడలిని ఫోనులో నడిగితిని. ఆ యాట పేరు కర్లింగు. మన భాషలో మంచుగుండాట యన్నచో సరిపోవును. మనుమరాలు “మనమూ ఆడొచ్చా?” అని యడిగినపుడు ఆమె తండ్రి, “మనకు తాగేదానికే నీళ్లు లేవు, ఈమెకు మంచు కావాల్నంట!” అని నవ్వెను. తల్లి, “ఇంకో యేడు పోతే బడి మైదానానికి పంపేదే కష్టం, ఇంక మంచు గూడానా?” అనెను. తండ్రి మాటకు లెక్క చూచి సమాధానము చెప్పవచ్చును. తల్లి మాట యట్టిది కాదు. ఈ వ్యాసము ఆ రెండు మాటలకును సమాధానముగ వ్రాయుచున్నాను.

మొదట ఆట యెట్టిదో చెప్పెదను. నూటయేబది అడుగుల పొడవును, పదునారడుగుల వెడల్పును గల మంచుపట్టె యొకటి. దాని కొనయందు మన ముగ్గులవలె ఒకదానిలోపల నొకటిగ వృత్తములు గీసియుందురు. వెలుపలి వృత్తము పండ్రెండడుగుల యడ్డకొలత గలది. ఈ వృత్తముల సముదాయమునకు వారు పెట్టిన పేరు “ఇల్లు”. ఆవలి కొననుండి రాతిగుండును జార్చి ఆ యింటిలో నడిమికి చేర్చవలెను. గుండు మూతపెట్టిన కుండవలె నుండి పైన పిడి గలిగియుండును. బరువు ఇరువది కిలోలు, అనగా నిండుబిందె యెత్తు. జట్టునకు నలుగురు, ఒక్కొక్కరు రెండేసి గుండ్లను విడుతురు. రెండు జట్లవి కలిపి పదునారు గుండ్లు పోయిన పిమ్మట నడిమికి ఏ జట్టు గుండు దగ్గరగ నున్నదో చూచి లెక్క గట్టుదురు. అట్టి వంతులు పెద్దపోటీలలో పది జరుగును. ఎదుటివారి గుండును కొట్టి వెలుపలికి నెట్టవచ్చును. తమ గుండుకు ముందొక గుండును కావలి పెట్టవచ్చును. చదరంగమునందు వలె రెండు మూడెత్తులు ముందుగ నాలోచింపనివారు గెలువజాలరు.

ఇక పరకల సంగతి. ఆ మంచు అద్దమువలె నున్నగ నుండదు. ఆటకు ముందు సన్నని నీటిచుక్కలను దానిపై చల్లుదురు. అవి గడ్డకట్టి ఆవగింజలవలె పైకి నిలుచును. గుండు అడుగుభాగము లోపలికి గుంటగ నుండి, అంచున సన్నని వలయము మాత్రమే ఆ గింజలపై నానియుండును. గుండు పోవు దారిలో ఇద్దరు పరకలతో గట్టిగ రుద్దినచో ఆ రాపిడికి మంచు కొంచెము వెచ్చబడి గుండునకు అడ్డు తగ్గును. అది మరికొన్ని యడుగుల దూరము పోవును. వంకరయు తక్కువగ తిరుగును. విడుచునపుడు పిడిని కొంచెము త్రిప్పుదురు గనుక గుండు తిన్నగ పోక మెల్లగ నొక ప్రక్కకు వంగును. ఆ వంకరనుబట్టియే ఆటకాపేరు వచ్చినదందురు. ఆ వంకరకు సరియైన కారణమేదని శాస్త్రజ్ఞులు నేటికిని వాదించుకొనుచున్నారు.

ఊడ్చుపని మనకు క్రొత్తది కాదు. అయినను ఊడ్చినందులకు పతకము నిత్తురని మన మెన్నడు నెరుగము. మా చెల్లెలి కోడలు, “అత్తా, ఇంట్లో ఊడిస్తే ఎవరూ చూడరు, ఇక్కడ ఊడిస్తే ఊరంతా అరుస్తారు” అని నవ్వుచు చెప్పినది. ఆమె మొదటి దినమున మూడుమార్లు పడినదట. ఎనుబదియేండ్ల యవ్వ యొకతె ఆమెను లేపి, మోకాలు వంగనివారు పొడవు కోలతో గుండును నెట్టవచ్చునని చూపినదట. చక్రాలకుర్చీలోనుండి కోలతో నాడు పోటీ 2006నుండి దివ్యాంగుల ఒలింపిక్సులో నున్నది. స్త్రీపురుషులు జంటగ నాడు పోటీ 2018లో ఒలింపిక్సున చేరినది. స్త్రీల ప్రపంచపోటీలు 1979లో స్కాట్లండులోని పెర్తు పట్టణమున మొదలైనవి. 1998లో జపానులోని నగానో ఒలింపిక్సునుండి స్త్రీలకును పురుషులకును సమానముగ పతకము లుండినవి.

ఈ యాటలో నన్నాకర్షించినది మరియొకటి గలదు. కదలు గుండునకు పొరపాటున పరక తగిలినచో తగిలించినవారే ముందుగ నా మాట చెప్పవలెను. ఎదుటివారు చూడలేదని యూరకుండుట అవమానకరము. ఇక గెలువలేమని తోచినపుడు చేయి కలిపి ఓటమి నొప్పుకొందురు. ఆట ముగిసిన పిమ్మట రెండు జట్లును ఒక్క బల్లయొద్ద కూర్చుండి తినుట త్రాగుట చేయుదురు. పందెములును తగవులును లేక పోటీయే లేదని తలచు మన తిరునాళ్లకు ఈ మర్యాద వచ్చినచో నెంత మేలు!

ఇది మంచుదేశపు టాటయైనను మన యాటలతో దీనికి బంధుత్వము లేకపోలేదు. తొక్కుడుబిళ్ల నాడని రాయలసీమ బాలిక యున్నదా? పెంకుబిళ్లను గీత తాకకుండ గడిలో పడునట్లు వేయుట, ఒంటికాలితో దానిని నెట్టుచు గడి దాటించుట, బిళ్ల గీతపై పడినచో తానే “అవుటు” అని యొప్పుకొనుట — ఇవన్నియు మంచుగుండాటకు చిన్నచెల్లెండ్రే. గోలీలాటలో ఎదుటివాని గోలీని కొట్టి తొలగించు నేర్పు వారి గుండుదెబ్బయే. గుడి మండపములలోని బండలపై చెక్కియున్న పులిజూదపు గళ్లు చూచినవారికి కావలి పెట్టు యుక్తి బోధింప నక్కరలేదు. రాతితో మన సీమవారికి గల చెలిమి వేరుగ చెప్పవలెనా? కర్నూలు కడప పల్లెలలో ఉగాదికిని తిరునాళ్లకును ఎద్దులచేత బండలాగించుట నేటికిని పెద్ద వేడుక. ఊరి రచ్చకట్టయొద్ద పూర్వము పడుచువాండ్రు భుజముపై కెత్తిన గుండ్లు పడియున్న గ్రామము లిప్పటికిని గలవు. బేతంచెర్ల నాపరాయియు, యర్రగుంట్ల బండయు, కడప నల్లరాయియు దేశమందలి యిండ్లలో నేలలై పరచుకొన్నవి. స్కాట్లండువారు సముద్రమధ్యమున నున్న ఎయిల్సా క్రెయిగ్ అను చిన్న దీవినుండి గుండురాయిని తెచ్చి చెక్కించుకొందురు. వారి కా దీవి యెట్టిదో మనకు మన గనులట్టివి.

ఇక నీళ్ల మాట. మా కుమారుడు నవ్వినది న్యాయమే. కుళాయియొద్ద బిందెల వరుసలో నిలిచిన చేతులు మనవి. అందుచేత లెక్క వేసి చూచితిని. నూటయేబది అడుగుల పొడవు, పదునారడుగుల వెడల్పుగల పట్టెపై నాలుగు సెంటీమీటర్ల మందముగ మంచు కట్టుటకు సుమారు తొమ్మిదివేల లీటర్ల నీరు కావలెను. మన వీధులకు వచ్చు ట్యాంకర్లు రెండు చాలును. ఆ నీరు ప్రతిదినమును మార్చవలసినది కాదు. చుక్కలు చల్లుటకును, గీకినచోట పూడ్చుటకును కొంచెము పోసిన చాలును. పెండ్లిలో నొక్కపూట పారబోయు నీటితో పోల్చినచో నిది యెక్కువ కాదు.

కాని నీరొక్కటియే ప్రశ్న కాదు. మే నెలలో కర్నూలు ఎండ నలుబదిరెండు మూడు డిగ్రీలకు పోవును. మంచుపై చలి సున్నకు దిగువ నయిదు డిగ్రీ లుండవలెను. ఈ రెంటికిని నడుమనున్న దూరమును కరెంటు మోయవలెను. నేలక్రింద గొట్టములు పరచి, యంత్రముతో చల్లబరచిన ద్రవమును వానిలో త్రిప్పుదురు. గోడలకును కప్పునకును వేడి చొరని పొర తొడుగుదురు. ఈ విద్య మన కపరిచితమా? మిరపకాయలు నిలువయుంచు శీతలపు గిడ్డంగులు మన ప్రాంతమున లేవా? మిరపకాయలకు చలువ నీయగలిగిన వారము బాలికల కీయలేమా? మరియు మంచుమందిరమునకు వేడికంటె తేమ పెద్ద శత్రువు. తేమగాలి మంచుపై నూగువలె పేరుకొని గుండును ఆపివేయును. ఈ యొక్క విషయమున సముద్రతీరపు చెన్నపట్టణముకంటె మన పొడిసీమయే నయము.

కరెంటు సంగతియు చూడుడు. గని, శకునాల గ్రామముల మెట్టనేలపై 2017నాటికి వేయి మెగావాట్ల సూర్యవిద్యుత్కేంద్రము వెలసెను. ఆరువేల యెకరములకు కొంచెము తక్కువగ పరచుకొన్న యా పలకలు మన యెండను కరెంటుగ మార్చి దేశమున కిచ్చుచున్నవి. పంట నెండబెట్టిన సూర్యుడే మంచు కట్టించుట వింతయే యైనను అసాధ్యము కాదు. అయినను నాకొక హద్దు గలదు. త్రాగునీటి పథకము పూర్తికాని పల్లె నడుమ మంచుమందిరము గట్టుట తగదు. బిందె నిండిన పిమ్మటనే గుండు. ఆ వరుస తప్పినచో ఆటపై ప్రజలకు కలుగునది ప్రేమ కాదు, అసూయ.

మంచు ఉష్ణదేశమునకు వచ్చుట క్రొత్త సంగతియు కాదు. 1833లో అమెరికాలోని బోస్టను వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ అక్కడి చెరువుల మంచును కోయించి, రంపపుపొట్టులో పొదిగి, ఓడపై కలకత్తాకు పంపెను. నాలుగు నెలల ప్రయాణము! కొంత కరగినను మిగిలినది అమ్ముడుపోయెను. 1840 ప్రాంతమున చెన్నపట్టణపు సముద్రపుటొడ్డున దానికై కట్టిన గుండ్రని భవనమే ఐస్ హౌసు. 1897లో వివేకానందస్వామి బస చేసిన దచ్చటనే. కర్నూలు కడప జిల్లాలు ఆ రాజధానిలోనివే యైనను ఆ మంచు దొరలకు దక్కినది గాని మన ముత్తవ్వలకు దక్కలేదు. నేడు నన్నారి షర్బతు బండివాడు గోనెసంచిలో మంచుదిమ్మె తెచ్చి మన కండ్లయెదుట పగులగొట్టుచున్నాడు. దొరల భోగముగ వచ్చినది వీధిపిల్లల చేతికి దిగుటకు నూరేండ్లు పట్టినది. ఆటకు నంతకాలము పట్టవలెనా?

ఇతర ఉష్ణదేశములవారు ఊరక కూర్చుండలేదు. బ్రెజిలువారు మొదట చలిదేశములలో చదువుకొనుచున్న తమవారితో జట్టు కట్టిరి. పిదప సావో పాలో నగరమున కర్లింగునకు మంచుపట్టెలు వేసికొనిరి. 2019లో నైజీరియా స్త్రీపురుషుల జంట నార్వేలో జరిగిన ప్రపంచపోటీలో నాడెను; ఆఫ్రికాఖండమునుండి అట్టి పోటీకి పోయినవారిలో వారే మొదటివారు. 2025 ఫిబ్రవరిలో చైనాలోని హార్బిన్ నగరమున జరిగిన ఆసియా శీతకాలపు టాటలలో ఫిలిప్పైన్సు పురుషుల జట్టు దక్షిణ కొరియాను అయిదునకు మూడుగ నోడించి స్వర్ణపతకము గొనెను. మంచు పడని దీవులవారికి అట్టి పోటీలలో అదియే తొలి పతకము. అయితే ఆ యాటకాండ్రలో పెక్కుమంది స్విట్జర్లండులో పెరిగినవారు. ప్రవాసుల గెలుపు వార్త యగును. ఊరిలో ఆట యగుటకు మరియొకటి కావలెను.

ఆ మరియొకటి యేమో దక్షిణ కొరియాలోని ఉయిసంగ్ అను సీమ చెప్పును. అది వెల్లుల్లికి ప్రసిద్ధి. కర్నూలు పేరు చెప్పినచో వ్యాపారులకు ఉల్లిగడ్డ జ్ఞప్తికి వచ్చునట్లే ఉయిసంగ్ అన్నచో అచ్చటివారికి వెల్లుల్లి జ్ఞప్తికి వచ్చును. పడుచువారు పట్టణములకు తరలిపోగా ముసలివారు మిగిలిన పల్లెసీమ యది. 2006లో అచ్చట కర్లింగు మందిరమొకటి కట్టిరి. బాలికోన్నత పాఠశాలలో చదువు కిమ్ ఉన్‌జంగ్, కిమ్ యంగ్‌మి యను ఇద్దరు చెలిమికత్తెలు బడి విడిచిన పిమ్మట అచ్చటికి పోసాగిరి. వేరు వినోదము ఆ యూర లేదు. యంగ్‌మి చెల్లెలు అక్క కేదో వస్తువు నిచ్చుటకు వచ్చి తానును నిలిచిపోయెను. చెల్లెలి సహపాఠిని యొకతె చేరెను. పన్నెండేండ్ల పిమ్మట, 2018 ఫిబ్రవరిలో, తమ దేశమున జరిగిన ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్సులో ఈ పల్లెబాలికలు మరియొక తోడును గూర్చుకొని జపానును గెలిచి తుదిపోరు చేరిరి. స్వీడను చేతిలో నోడి రజతపతకము దెచ్చిరి. నాయకురాలు ఊడ్చుమని “యంగ్‌మీ!” అని కేకవేయు పిలుపు దేశమంతట పిల్లల నోట నానినది. వెల్లుల్లి పిల్లలని పత్రికలు పేరు పెట్టెను.

ఈ కథను ఇచ్చట ముగించినచో తీయగ నుండును గాని సత్యము సగమే యగును. ఆ సంవత్సరము నవంబరులో ఆ యువతులే తమ శిక్షకులు తమ్ము దూషించుచున్నారనియు, బహుమతి ధనము తమకు సరిగ చేరలేదనియు బహిరంగముగ ఫిర్యాదు చేసిరి. ప్రభుత్వము విచారించి 2019 ఫిబ్రవరిలో ఆ మాటలు నిజమని తేల్చెను. వారు ఆట మానలేదు. 2022లో ప్రపంచపోటీలో మరల రజతము దెచ్చిరి. మందిరము కట్టిన చాలదు. దాని తాళముచెవియు, లెక్కల పుస్తకమును ఎవరి చేతిలో నుండునో అదియును ముఖ్యము. ఈ విషయమున మన సీమ స్త్రీలకు నేర్పవలసినదేమియు లేదు. కర్నూలునకు చేరువనున్న ఓర్వకల్లు మండలమున 1995 తరువాత పొదుపు సంఘములు కట్టి, రూపాయి రూపాయిగ కూడబెట్టి, తమ లెక్క తామే వ్రాసికొన్న స్త్రీలు దేశమునకు మాదిరియైరి. కర్లింగు సంఘములు పలుచోట్ల ఇట్లే మొదలైనవి: చందా వేసికొని, చెరువు గడ్డకట్టినపుడు తామే యూడ్చుకొని.

మంచు వచ్చువరకు ఆట ఆగవలెనా? ఆగనక్కరలేదు. 1842లో విక్టోరియా రాణి స్కాట్లండు చూడ వచ్చినపుడు అది మంచు పడు కాలము కాదు. స్కోన్ అను కోటలో నున్నగ మెరయు కొయ్యనేలపైననే గుండ్లను జార్చి ఆమెకు ఆట చూపిరి. రాణియు నొక గుండును జార్ప యత్నించి బరువైన దనెనట. మరుసటి యేడు ఆ సంఘమునకు రాజగౌరవము లభించినది. మంచు పుట్టిల్లైన దేశముననే రాణికి మంచులేని యాట చూపినపుడు మనకు సిగ్గేల? నేడు అడుగున చిన్న చక్రములో ఉక్కుగుండ్లో యమర్చిన తేలిక గుండ్లతో పాఠశాలల నేలపై నాడుట పలుదేశములలో గలదు. మన దేశపు శివ కేశవన్ మంచుపై జారు బండి పందెమునకు చక్రముల బండిపై హిమాలయపు దారులలో సాధన చేసి, 1998నుండి 2018వరకు ఆరు ఒలింపిక్సులలో పాల్గొనెను. ఒకటి మాత్రము దాచరాదు: చక్రములపై పోవు గుండునకు పరకతో పనిలేదు. ఆటలో సగము రుచి యట్లు పోవును. కావున దీనిని పెద్దక్క వచ్చువరకు ఇల్లు చూచుకొను చిన్నచెల్లెలని భావింపుడు.

ఎట్లు మొదలుపెట్టవలె ననువారికి నాకు తోచినది వ్రాయుచున్నాను. వేసవి సెలవులలో మూతబడియుండు బడి హాలు గాని, కల్యాణమండపము గాని చాలును. అతుకులు ఎగుడుదిగుడుగ లేని నునుపైన నేల నెంచుకొనుడు. ముప్పది నలుబది అడుగుల పొడవు దొరికిన చాలును. నేలపై సుద్దముక్కతో నాలుగు వృత్తముల ముగ్గు వేయుడు. అది మనచేతి పని. చెక్క బిళ్లలకు అడుగున మూడేసి చిన్నచక్రములు బిగించి, పైన పిడి వేయించినచో వడ్రంగి రెండు మూడు దినములలో గుండ్లు సిద్ధపరచును. జట్టునకు నాలుగే చాలును. వానికి రెండు రంగులు పూయుడు. ఎండ తీక్షణముగ నుండు పదిగంటలనుండి నాలుగు గంటలవరకు పిల్లలు నీడపట్టున నాడుదురు. వడదెబ్బ భయము తగ్గును. జట్టులో నొక బాలికయు, నొక తల్లియు, నొక అవ్వయు నుండవలెనని నియమము పెట్టుడు. గుండు తాకినవారు తామే చెప్పవలెననియు, ఓడినవారికి గెలిచినవారు మజ్జిగ పోయవలెననియు రెండు నియమములు చేర్చుడు. ఈ మూడును తప్పక పాటింపుడు. తక్కినవి మీ యిష్టము.

ఇక మా కోడలి మాట. ఆమె కఠినురాలు కాదు. బాలిక పెద్దమనిషి యైన పిమ్మట మైదానమున నెవరు చూతురో, ఏమందురో, ఎండకు నల్లబడినచో రేపు సంబంధములవారేమందురో యను భయము ఆమె కనియు, ఆమె తల్లికనియు, నా తల్లికనియు వేరుగ లేదు. ఆ భయమునకు మేమందరము చెల్లించిన వెల యేమనగా, పండ్రెండు పదుమూడేండ్లకు మాచేతి బిళ్ల జారిపోవుట. బాలుని యాట యువకుని యాటయై, తిరునాళ్లలో బండలాగించు పెద్దమనిషి వేడుకయై సాగును. బాలిక యాట గడపవద్ద ఆగిపోవును. తరువాత మనము కదలుదుము, మోయుదుము, వంగుదుము, ఊడ్చుదుము, కాని ఆడము. మోకాళ్లు పట్టివేసిన పిదప వైద్యుడు “నడువమ్మా” అనును.

నాకీ యాటపై మక్కువ కలుగుటకు అసలు కారణ మిదియే. ఇందు పరుగులేదు; ఎదుటివారిని తాకుటలేదు; నిండుగ వస్త్రము ధరించియే ఆడవచ్చును; పైకప్పు క్రింద ఆడవచ్చును; పండ్రెండేండ్లనుండి ఎనుబదియేండ్లవరకు ఆడవచ్చును. మా కోడలి భయమునకు చోటీయని యాట యిది. ఆమెతో నే వాదింపలేదు. “నీవును జట్టులో చేరుము” అంటిని. తల్లి యెదుటనే యుండగా బిడ్డనుగూర్చి ఎవ రేమందురు? ఆమె కొంతసేపు పలుకక, “శనివారమైతే నాకు తీరిక” అనెను. పరకపట్టు చేతికి గుండు బరువు కాదు.

తల్లులారా, మన బాలికలలో నొకతె ఎన్నడైన ఒలింపిక్సునకు పోవునా యని యడుగకుడు. ఉయిసంగ్ మందిరము కట్టిననా డా ప్రశ్న అడిగియుండినచో తలుపు తెరచెడివారు కారు. మన యూరి బాలిక పదునాలుగవ యేటను ఆడుచున్నదా, పదునెనిమిదవ యేటను ఆడుచున్నదా, పెండ్లియై బిడ్డలతల్లి యైన పిమ్మటను వారమునకు రెండు గంటలు తనకని నిలుపుకొన్నదా యని యడుగుడు. దానికి మంచు అక్కరలేదు. సమమైన నేలయు, గుండ్రని ముగ్గును, నలుగురు తోడివారును, తాకినచో తాకితినని చెప్పు మనసును చాలును. ఈ సామగ్రి మన సీమలో ఎన్నడును కరువు కాలేదు.